పది మీటర్ల లోపు

జయనగర్ నాలుగో బ్లాకులో
కింద దర్శిని, పైన మా ఆఫీసు.
మధ్యాహ్నానికల్లా పటాలక్కూడా
సాంబారు వాసన పట్టేస్తుంది.

అటవీ శాఖ వాళ్లు పెన్‌డ్రైవులో పంపారు.
రెవెన్యూ వాళ్లు పంపలేదు, రమ్మన్నారు.
గుడ్డ మీద అతికించిన సర్వే షీటు,
మడత పడ్డచోట ఒక ఊరు అరిగిపోయి ఉంది.
చెరువుల సంస్థది పీడీఎఫ్, అదీ తలకిందులు.
ట్రెక్కింగు క్లబ్బు కుర్రాళ్లవి
చేతి వాచీల్లోంచి దులిపిన చుక్కలు,
టీకి ఆగినచోటల్లా చీమల్లా ముసిరి.
ఒకరు గొలుసుల్లో కొలిచారు, ఒకరు మీటర్లలో,
ఒకరు ఆయాసంలో.

ఒకే పల్లె పేరు ఏడు రకాలుగా వచ్చింది.
పక్కసీటు నజీరుద్దీన్ విసిగి పంచాయతీకే ఫోను చేశాడు.
వాళ్లు ఎనిమిదో రకం చెప్పారు.

ఇవన్నీ ఒక్క పట్టికలో పోయాలి.
నా ఉద్యోగం అదే.

కరడిబండె కొండ మీదికి నాలుగు గీతలు.
ఒకరికది గస్తీ దారి.
ఒకరికి బండిబాట, సర్వే నంబరు నూటపదకొండు పక్కన.
ఒకరికి సన్‌రైజ్ ట్రెయిల్, కష్టం: మధ్యస్థం.
చెరువుల వాళ్ల లెక్కలో అసలు దారే లేదు,
ఉన్నది వాన కాలువ.
తెర మీద నాలుగూ
మాటలు మానుకున్న తోడికోడళ్లలా
కలవకుండా, విడిపోకుండా
కొండ కొనదాకా పోతాయి.

నియమం రాసింది నేనే:
పది మీటర్ల లోపు ఉంటే రెండు గీతలూ ఒకటే.
రాత్రంతా యంత్రం కలుపుతూ కూర్చుంది.
నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు
తెల్లారేసరికి రెండు వందల అరవై మూడు.
మిగతావి ఏమయ్యాయమ్మా అన్నారు డైరెక్టరు శ్రీకంఠయ్యగారు,
గల్లాపెట్టెలో తేడా వచ్చినట్టు.
ఏమీ కాలేదు సార్,
ఒకే దారిని నలుగురూ
ఎవరికివాళ్లు తామే కనిపెట్టారు.

శనివారం కొండకు వెళ్లాను, సరిచూడ్డానికి.
గంగులప్ప మేకల్ని తోలుకుంటూ ముందు నడిచాడు.
ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం,
మేకలతో రెండూ కానిదేదో.
"ఏ దారమ్మా నీకు కావాల్సింది?
వానల్లోదా, ఎండల్లోదా?"
నా పట్టికలో ఆ గడి లేదు.

వంపు దగ్గర కర్రతో చూపించాడు:
"ఎనుము జారిన మలుపు.
మా అవ్వ చిన్నప్పుడంట.
ఎనుము బతికింది."
ఆ పేరు ఫోనులో ఎక్కించాను.
సర్వరు దాన్ని మింగి
పదిహేను ప్రశ్నార్థకాలు ఉమ్మింది.

మలుపు దాటాక మరో బాట,
మోకాలెత్తు గడ్డిలోంచి కిందికి.
నా నాలుగు ఫైళ్లలోనూ లేదు.
అడుగున రాతి చీలికలో నీళ్లు, రెండు బిందెలంత.
మేకలు వరసలో నిలబడ్డాయి,
మా దర్శిని ముందు జనంకంటే బుద్ధిగా.
గంగులప్ప తలగుడ్డ విప్పి ముంచాడు.
"ఇదీ ఎక్కిస్తావా?"
ఎక్కించాలన్నాను.
"ఎక్కిస్తే ఆదివారం ఎంతమంది వస్తారు?"
లెక్క చెప్పలేదు.
తెలుసు. క్లబ్బు ఫైల్లో నెలవారీగా ఉంది.

సోమవారం గడులన్నీ నింపాను.
పొడవు: నూట ఎనభై మీటర్లు. నేల: రాయి, గడ్డి.
యాజమాన్యం దగ్గర చాలాసేపు ఆగాను,
ఆ గడి ఖాళీగా వదిలితే ఊరుకోదు.
స్థితి అన్నచోట మూడే ఎంపికలు:
తెరిచినది, మూసినది, పరిశీలనలో.
పరిశీలనలో ఉన్నవి జనానికి కనిపించవు.

మూడేళ్లయింది.
ప్రతి మార్చిలోనూ శ్రీకంఠయ్యగారు జాబితా తెప్పించుకుని
ఈ ఒక్కటీ ఇంకా తేలలేదేమమ్మా అంటారు.
వానల తర్వాత మళ్లీ చూడాలి సార్, అంటాను.
అబద్ధమేమీ ఆడలేదు. వెళ్లి చూస్తూనే ఉన్నాను.
పోయినసారి గడ్డి నడుమెత్తు పెరిగి
బాట తూర్పుకి జరిగింది,
పదకొండు మీటర్లు.

నా నియమం ప్రకారం అది వేరే దారి.
మళ్లీ మొదటినుంచీ పరిశీలించాలి.